గోడకి నెమ్ము, ఛాతీకి నెమ్ము

(స్త్రీలు - నివాస హక్కు అనే అంశంపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మాట్లాడబోయే విషయం చెప్పినప్పుడు నిర్వాహకుల్లో ఒక మిత్రురాలు నవ్వేసింది. ‘‘మే నెలలో మాడి చచ్చే మనకి గ్లాస్గో చలి గోల ఎందుకే?’’ అంది. సమంజసమైన ప్రశ్నే. జవాబుగా ఒక సంఘటన చెప్తాను.

2016లో ఒక పట్టణం శివార్లలో ప్రభుత్వం కట్టించిన కాలనీలో ఫీల్డువర్క్ చేస్తున్నాను. కింది అంతస్తులో ఒక ఇల్లు. స్నానాలగది పక్క గోడ మనిషెత్తు వరకూ చెమ్మెక్కి, సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది. ఆ గోడ పక్కనే మంచం, మంచం మీద దగ్గుతూ పిల్లాడు. ఆ ఇంటామె నాలుగుసార్లు తిరిగితే ఇంజనీరుగారు వచ్చారు. గోడ చూశారు, వంటిల్లు చూశారు. ‘‘నీళ్ళు మరీ ఎక్కువ వాడుతున్నావమ్మా. తలుపులు మూసుకుని వండుతున్నావు. ఇల్లు శుభ్రంగా ఉంచుకోవాలి’’ అని చెప్పి వెళ్ళిపోయారు. ఆమె ఇల్లు నా ఇంటికంటే శుభ్రంగా ఉంది, అది వేరే సంగతి. నాకు ఆశ్చర్యం వేసింది ఆయన మాటలకి కాదు. అవే మాటలు, దాదాపు అదే వరసలో, నేను నాలుగేళ్ళ క్రితం స్కాట్లండులో విని ఉన్నాను.

2012-13 చలికాలం పరిశోధన పనిమీద గ్లాస్గోలో ఉన్నాను. నేను అద్దెకి తీసుకున్న గదికి కిటికీలు పెద్దవి, చెక్క చట్రాలు పాతవి. తలుపు వేసినా పరదా కదులుతూ ఉండేది. రాత్రిపూట గాలి ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవడానికి అగ్గిపుల్ల గీసి చట్రం చుట్టూ తిప్పేదాన్ని. హీటరు వేస్తే హీటరు ముందున్న మోకాళ్ళు కాలేవి, వీపు వణికేది. కరెంటు మీటరు ప్రీపేమెంటుది. ఒక తాళంచెవిలాంటిది పట్టుకుని వీధి చివర కొట్టుకి వెళ్ళి డబ్బు కట్టి, దాన్ని తెచ్చి మీటర్లో పెడితేనే కరెంటు. ఒంటరి మనిషిని, నాకు ఫెలోషిప్పు ఉంది, ఏదో గడిచింది. నా కింది వాటాలో ఇద్దరు పిల్లలతో ఉండే ఆమె పద్ధతి మాత్రం నాకు పాఠం చెప్పింది. పిల్లలు బడికి వెళ్ళగానే హీటరు ఆపేసేది. కోటు, టోపీ పెట్టుకునే ఇంటిపని చేసుకునేది. సాయంత్రం పిల్లలు వచ్చే అరగంట ముందు మళ్ళీ వేసేది. అమ్మ పగలంతా చలిలో ఉందని పిల్లలకి తెలియదు. వాళ్ళకి తెలిసిన ఇల్లు ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది.

మన ఇళ్ళల్లో చివర తినే మనిషి ఎవరో మనకి తెలుసు. అక్కడ చివర వెచ్చబడే మనిషి కూడా ఆవిడే.

ఇక్కడ కాస్త భౌతికశాస్త్రం చెప్పక తప్పదు. నెమ్ము ఎందుకొస్తుందో తెలియకపోతే నింద ఎవరిమీద పడుతోందో కూడా తెలియదు. చల్లటి నీళ్ళున్న గ్లాసు బల్లమీద పెడితే బయటివైపు నీటిచుక్కలు పడతాయి కదా, ఆ నీళ్ళు గ్లాసు కారడం వల్ల వచ్చినవి కావు. గాలిలో ఉన్న ఆవిరి చల్లటి ఉపరితలం తగిలి నీరైంది. చలిదేశంలో పలచటి కాంక్రీటు గోడ అలాంటి గ్లాసే. ఇంట్లో మనుషులు ఊపిరి పీల్చి వదిలినా, అన్నం ఉడికినా, పిల్లల బట్టలు ఆరినా ఆవిరి వస్తుంది. గోడలో వేడిని ఆపే పొర ఉంటే గోడ వెచ్చగా ఉంటుంది, ఆవిరి నీరు కాదు. పొర లేకపోతే గోడ మీద నీళ్ళు, నీళ్ళ మీద పాత పచ్చడికి పట్టినట్టు నల్లటి బూజు. ఇందులో ఇంకొక తిరకాసు ఉంది. కరెంటు హీటరు భరించలేని వాళ్ళు పారఫిన్ స్టవ్వులు, గ్యాసు సిలిండరు హీటర్లు వాడతారు. లీటరు పారఫిన్ మండితే సుమారు లీటరు నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది. అంటే లేమి వల్ల కొన్న చవక వేడి గోడల్ని ఇంకా తడుపుతుంది. ఆ తడి గోడలు ఆరాలంటే ఇంకా వేడి కావాలి.

ఇప్పుడు అధికారుల సలహా వినండి. కిటికీలు తెరవండి. హీటరు ఎక్కువ వేయండి. బట్టలు లోపల ఆరేయకండి. వంట చేసేటప్పుడు జాగ్రత్త. కిటికీ తెరిచి హీటరు వేయమంటే వీధిని వెచ్చబెట్టమని అర్థం. ఆ బిల్లు ఎవరు కట్టాలి?

గ్లాస్గోలో గోర్బల్స్ అనే పేద ప్రాంతం ఉంది. పాత మురికిగృహాలు కూలగొట్టి అక్కడ హచిసన్‌టౌన్ ‘ఇ’ అనే పేరుతో కాంక్రీటు పలకలు పేర్చి కట్టిన కొత్త ఫ్లాట్లు 1972లో ప్రారంభించారు. రాణిగారి కూతురు వచ్చి ప్రారంభోత్సవం చేసింది. త్వరలోనే గోడలు నల్లబడ్డాయి, పరుపులు కుళ్ళాయి. తప్పంతా అద్దెదారుల అలవాట్లదేనని తేల్చారు. జనం ఆ ఇళ్ళకి ‘డాంపీస్’ అని పేరు పెట్టారు, చెమ్మిళ్ళు అనుకోండి. సంఘం పెట్టుకుని అద్దె కట్టడం ఆపేశారు. పోరాటం ఏళ్ళ తరబడి సాగింది. చివరికి 1987లో ఆ ఫ్లాట్లు కూల్చేశారు. పదిహేనేళ్ళు! ‘అలవాట్ల’ వల్ల పాడైన ఇళ్ళని కూల్చాల్సిన అవసరం ఏమొచ్చిందో ఎవరూ వివరించలేదు.

అదే నగరంలో తూర్పు అంచున ఈస్టర్‌హౌస్ ఉంది. అందులో ఈస్ట్‌హాల్ అనే కాలనీ. 1980ల్లో అక్కడి అద్దెదారుల సంఘంలో ముందు నిలిచినవాళ్ళలో కాథీ మెకార్మక్ ఒకరు. పిల్లల తల్లి, కౌన్సిల్ ఇంట్లో అద్దెకుండే మనిషి. తన ఇంటి గోడల మీది బూజుతో మొదలుపెట్టి చలీ, నెమ్మూ, పేదరికమూ ఒకటే సమస్య అనే దాకా వెళ్ళింది. ఆ కథని తనే రాసి 2009లో పుస్తకంగా తెచ్చింది. నాకు ఆవిడలో నచ్చింది ధైర్యం కాదు, ధైర్యం మన బస్తీల్లోనూ కావాల్సినంత ఉంది. నచ్చింది ఏమిటంటే ఆవిడా, ఆవిడ తోటి అద్దెదారులూ విజ్ఞానాన్ని అధికారుల సొత్తుగా వదిలేయలేదు. 1987లో ‘హీట్‌ఫెస్ట్’ పేరుతో వాస్తుశిల్పుల్నీ ఇంజనీర్లనీ తమ కాలనీకే రప్పించారు. ఇల్లు మార్చాలి, మనుషుల్ని కాదు అనే వాదనకి లెక్కలు కట్టించారు. తర్వాత యూరోపియన్ కమిషన్ డబ్బుతో కొన్ని ఫ్లాట్లని సూర్యరశ్మి వేడిని పట్టి ఉంచేలా, గోడలకి రక్షణ పొర వేసి మార్చారు.

ఇంతలో మరో వైపునుంచి సాక్ష్యం వచ్చింది. గ్లాస్గో, ఎడింబరా, లండన్ నగరాల్లో పిల్లలున్న 597 ఇళ్ళలో చేసిన అధ్యయనం 1989లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఇళ్ళని కొలిచినవాళ్ళకి అక్కడి జబ్బుల సంగతి తెలియదు, జబ్బుల గురించి అడిగినవాళ్ళకి గోడల సంగతి తెలియదు. ఆ జాగ్రత్త ఎందుకంటే, తల్లులు ఇల్లు మారాలని అబద్ధం చెప్తున్నారన్న మాట అప్పటికే ఉంది. నెమ్ము, బూజు ఉన్న ఇళ్ళలో పిల్లలకి పిల్లికూతలు, గొంతునొప్పి, జ్వరం, తలనొప్పి ఎక్కువని తేలింది. నెమ్ము ఎంత ఎక్కువైతే జబ్బులూ అంత ఎక్కువ. జవాబులిచ్చిన పెద్దవాళ్ళలో 94 శాతం స్త్రీలు. ఈ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ ఇళ్ళ గురించి చెప్పగలిగిన మనుషులు వాళ్ళే, అంతకాలం నమ్మదగని సాక్షులూ వాళ్ళే.

మన భాషలో గోడకి పట్టేదీ నెమ్మే, ఛాతీలో చేరేదీ నెమ్మే. వైద్య పత్రికలో రుజువు కావాల్సి వచ్చిన సంబంధం మన అమ్మమ్మల నోట ఒకే మాటలో ఉంది.

బిల్లుల సంగతికి వస్తాను. బ్రెండా బోర్డ్‌మన్ అనే పరిశోధకురాలు 1991లో ఇంధన పేదరికం గురించి పుస్తకం రాసింది. ఇల్లు తగినంత వెచ్చగా ఉంచుకోవడానికి ఆదాయంలో పదో వంతుకి మించి ఖర్చుచేయాల్సి వచ్చే కుటుంబం ఇంధన పేదరికంలో ఉన్నట్టని లెక్క చెప్పింది. ఇంగ్లండులో ఆ నిర్వచనాన్ని తర్వాత రెండుసార్లు మార్చారు. నిర్వచనం మార్చితే పేదల సంఖ్య మారడం మనకి కొత్తకాదు కాబట్టి అందులోకి పోను. ఆవిడ చెప్పిన అసలు విషయం ఏమిటంటే ఇది ఉత్త ఆదాయ సమస్య కాదు, పెట్టుబడి సమస్య. చిల్లుకుండలో ఎంత నీరు పోసినా అంతే. గోడ బాగుచేసే డబ్బు అద్దెకుండే ఆమె దగ్గర ఉండదు, యజమానికి ఆ అవసరం ఉండదు, ఎందుకంటే బిల్లు ఆయన కట్టడు. స్వీడన్ చలి బ్రిటన్ చలికంటే తీవ్రం. అయినా చలికాలంలో పెరిగే మరణాల నిష్పత్తి బ్రిటన్‌లోనే ఎక్కువ. తేడా వాతావరణంలో లేదు, గోడల్లో ఉంది.

నేను బోర్డ్‌మన్‌తో ఒక్కచోట గొడవపడతాను. కుటుంబాన్ని ఒకే ముద్దగా లెక్కిస్తే నా కింది వాటా ఆమె కనిపించదు. ఆ ఇంటి ‘సగటు ఉష్ణోగ్రత’లో ఆమె పగటి చలి కరిగిపోతుంది.

2022 అక్టోబరుకి బ్రిటన్‌లో సాధారణ కుటుంబానికి కరెంటు, గ్యాసు వార్షిక బిల్లు పరిమితి 3,549 పౌండ్లకి చేరింది. ఏడాది క్రితం అది 1,277. ప్రభుత్వం జోక్యం చేసుకుని 2,500 దగ్గర ఆపింది, అయినా దాదాపు రెట్టింపే. బాకీ పడినవాళ్ళ ఇళ్ళకి కోర్టు వారంటుతో వెళ్ళి బలవంతంగా ప్రీపేమెంటు మీటర్లు బిగించారు. వికలాంగుల ఇళ్ళలోకి, పసిపిల్లలున్న ఇళ్ళలోకి తాళాలు తీయించుకుని వెళ్ళారని బయటపడ్డాక 2023 ఫిబ్రవరిలో ఆ వారంట్లు ఆపారు. తర్వాత కొత్త నియమాలతో మళ్ళీ అనుమతించారు. ఆ మీటర్లో డబ్బు వేయగానే ముందు పాతబాకీ కొంత కోసుకుంటుంది. కరెంటు వాడకపోయినా రోజువారీ స్థిర ఛార్జీ పడుతూనే ఉంటుంది. డబ్బు అయిపోయి ఇల్లు చీకటయితే దాన్ని అధికార భాషలో ‘సెల్ఫ్ డిస్‌కనెక్షన్’ అంటారు. తనకు తానే తీసేసుకుందట! మన దగ్గర కూడా 2021లో కేంద్రం ప్రకటించిన పథకంలో 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్ల లక్ష్యం ఉంది. కాబట్టి ఈ మాట గుర్తుపెట్టుకోండి, మన ఊరికి వచ్చినప్పుడు గుర్తుపట్టాలి.

చివరిగా అవాబ్ ఇషాక్ సంగతి. ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే ఊళ్ళో రెండేళ్ళ పిల్లాడు. తల్లిదండ్రులు సూడాన్ నుంచి వచ్చినవాళ్ళు. ఫ్లాటులో బూజు గురించి తండ్రి ఫిర్యాదు చేస్తూనే ఉన్నాడు. పైన రంగు వేసుకోమన్నారు. 2020 డిసెంబరులో పిల్లాడు చనిపోయాడు. ఇంట్లో బూజు వల్ల వచ్చిన శ్వాసకోశ వ్యాధితోనే చనిపోయాడని 2022 నవంబరులో విచారణాధికారిణి తేల్చింది. ఆ కుటుంబం స్నానం చేసే పద్ధతి వల్లే నెమ్ము వచ్చిందని ఇంటి సంస్థవాళ్ళు ఊహించుకున్నారని ఆ విచారణలోనే బయటపడింది. గోర్బల్స్ తెల్లవాళ్ళకి ‘అలవాట్లు’ అన్నారు, నల్లవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ‘ఆచారం’ అయింది. ఆ పిల్లాడి పేరుతో 2023లో చట్టంలో నిబంధన చేర్చారు, 2025 అక్టోబరు నుంచి సామాజిక గృహ యజమానులకి అది అమలులోకి వచ్చింది. ప్రమాదకరమైన నెమ్ముపై గడువులోగా చర్య తీసుకోవాలి. ప్రైవేటు అద్దె ఇళ్ళకి ఆ గడువులు వెంటనే వర్తించలేదు. ఇప్పుడు మన పిల్లలు, వృద్ధుల సంరక్షణ ఉద్యోగాలకి వెళ్ళిన మన ఆడపిల్లలు ఎక్కువగా ఉండేది ఆ ప్రైవేటు ఇళ్ళల్లోనే. అలాంటి ఒకమ్మాయి నాతో ఫోనులో అంది: ‘‘బూజు ఫొటో పంపితే ఓనరు మీరు రోజూ అన్నం వండుతారు కదా అన్నాడు, మేడం.’’

ఈస్ట్‌హాల్‌కి తిరిగి వెళ్తాను. మార్చిన ఫ్లాట్లలో ఉన్నవాళ్ళకీ, మార్చని వాటిలో ఉన్నవాళ్ళకీ రక్తపోటు కొలిచి పోల్చారు. ఇల్లు వెచ్చబడ్డవాళ్ళ రక్తపోటు గణనీయంగా తగ్గింది. ఆ వ్యాసం 2008లో ఒక ప్రజారోగ్య పత్రికలో వచ్చింది. నలుగురు రచయితల్లో రెండో పేరు సి. మెకార్మక్. అద్దెదారు.

నేను మొదట చెప్పిన కాలనీలో గోడ ఇప్పటికీ అలాగే ఉంది. పై అంతస్తులవాళ్ళకి నెమ్ము లేదు, స్లాబు వేడి ఉంది. రాత్రి పదిగంటలకి కూడా ఫ్యాను వేడిగాలే కొడుతుంది, ఏప్రిల్, మే బిల్లులు చూసి గుండె ఆగుతుంది. నా ప్రతిపాదన చిన్నది. మార్చిలోగా ఇరవై ఇళ్ళకి గోడ థర్మామీటర్లు పెడదాం. మధ్యాహ్నం రెండింటికీ, రాత్రి పదింటికీ ఆ ఇంటామె అంకె రాస్తుంది, పక్కన ఆ వేళకి ఇంట్లో ఎవరున్నారో రాస్తుంది, నెలాఖరున బిల్లు అతికిస్తుంది. రాయడం రానివాళ్ళకి పిల్లలు రాసిపెడతారు. ఇంజనీరుగారు మళ్ళీ వచ్చినప్పుడు ఆ పుస్తకం ముందు పెడదాం. నోటుపుస్తకాలు నేను తెస్తాను. థర్మామీటర్ల సంగతి ఎవరు చూస్తారో ఈ సాయంత్రం లేచేలోగా చెప్పండి.