గుండె తలుపులు పాడయ్యేదెట్లా?

(యువజనుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



గుండెజబ్బు అనంగానే మనవాళ్లు 'అది కూచుని తినేవాళ్లకొచ్చే జబ్బులే' అంటారు. అది నిజం కాదు. పదిహేనేళ్లు నిండకుండానే పిల్లల గుండెను పట్టుకునే జబ్బొకటుంది. అది ఎక్కువగా ఇరుకిళ్లలోనే కనబడుతుంది. దాని సంగతి తెలియాలంటే ముందు గుండె పని తెలియాలి.

ఎవరి గుండె వాళ్ల పిడికిలంత ఉంటుంది. చేసేది మోటారు పని. లోపల నాలుగు గదులు. పై రెండు కర్ణికలు, కింది రెండు జఠరికలు. ఒళ్లంతా తిరిగి ఆక్సిజన్ తగ్గిపోయిన నెత్తురు కుడివైపుకు చేరుతుంది. అక్కణ్ణించి ఊపిరితిత్తులకు పోయి, ఆక్సిజన్ నింపుకొని ఎడమవైపుకు వస్తుంది. ఎడమ జఠరిక దాన్ని ధమనుల్లోకి తోస్తుంది. సిరల గుండా మళ్లీ కుడివైపుకే వస్తుంది. ఎదిగిన మనిషి ఒంట్లో నెత్తురు సుమారు 5 లీటర్లు. ఊరకే కూచున్నా నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటూ, దెబ్బకు 70 మిల్లీలీటర్ల చొప్పున, దాదాపు ఆ నెత్తురంతటినీ నిమిషంలో తిప్పేస్తుంది. రోజుకు లక్ష దెబ్బలు!

ఈ సంగతి ఎట్లా తెలిసింది? నెత్తురు కాలేయంలో పుట్టి ఒంట్లో ఇంకిపోతుందని గాలెన్ చెప్పిన మాటే యూరప్‌లో పద్నాలుగు వందల ఏళ్లు చెల్లింది. విలియం హార్వే లెక్కగట్టాడు. దెబ్బకు కొంచెమే తోసినా, అరగంటలో తోసేది ఒంట్లో ఉన్నదాన్ని మించుతుంది. అంత నెత్తురు కొత్తగా ఎట్లా పుడుతుంది? ఉన్నదే చుట్టూ తిరగాలి. ఆ మాట 1628లో అచ్చేశాడు. పెద్దలు చెప్పారని ఊరుకోకుండా అడిగాడు గనకే తెలిసింది. మనమూ అడగాలి: మన పిల్లల గుండెలు ఎందుకు పాడవుతున్నాయి?

బావి మోటారుకు ఫుట్‌వాల్వు పాడైతే ఎక్కిన నీళ్లు వెనక్కి జారతాయి గదా! గుండెలోనూ అట్లాంటి తలుపులు నాలుగున్నాయి. వాటినే కవాటాలంటారు. నెత్తురును ముందుకే పోనిస్తాయి, వెనక్కి రానియ్యవు. డాక్టరు స్టెతస్కోపులో వినేది ఈ తలుపులు మూసుకునే చప్పుడే.

వీటిని పాడుచేసేది రుమాటిక్ జ్వరం. స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి వల్ల పిల్లలకు గొంతు నొప్పి వస్తుంది. ఒకే గదిలో ఆరేడుగురు పడుకుంటే ఒకరి నుంచి ఒకరికి సులువుగా పాకుతుంది. దానికి సరైన మందు పడకపోతే, రెండు మూడు వారాలకు కొందరు పిల్లల్లో జ్వరమొచ్చి మోకాళ్లు, చీలమండలు వాస్తాయి. నొప్పి ఈ కీలు నుంచి ఆ కీలుకు మారుతుంది. క్రిమిని ఎదిరించే ఒంటి శక్తే గురి తప్పి సొంత కీళ్లనూ కవాటాలనూ కొడుతుంది. కీళ్ల వాపు తగ్గిపోతుంది. కవాటం మీది దెబ్బ మిగులుతుంది. తలుపు బిగుసుకుపోతుంది, లేదా సరిగా మూసుకోదు. ఏళ్ల తర్వాత ఆయాసం మొదలవుతుంది. కడుపుతో ఉన్నప్పుడు నెత్తురు పెరిగి గుండెకు బరువెక్కుతుంది గనక, చాలామంది ఆడపిల్లలకు అప్పుడే బయటపడుతుంది. అప్పుడు ఆపరేషనంటే కూలి చేసుకునేవాళ్లు ఎక్కడికి పోతారు?

దీన్ని ఆపే మందు పెన్సిలిన్. పాత మందు, చవక మందు. గొంతు నొప్పి అప్పుడే డాక్టరు చూసి ఇస్తే జ్వరం దాకా రాదు. ఒకసారి వచ్చినవాళ్లు మూడు నాలుగు వారాలకొక సూది చొప్పున ఏళ్ల తరబడి వేయించుకోవాలి. పెన్సిలిన్ పడదని ముందే తెలిస్తే డాక్టరుకు చెప్పాలి. నొప్పులు తగ్గాయని మానేస్తే జబ్బు మళ్లీ తిరగబెట్టి కవాటాన్ని ఇంకా పాడుచేస్తుంది.

సంపన్న దేశాల్లో పెన్సిలిన్ రాకముందే ఈ జబ్బు తగ్గడం మొదలైంది. ఇళ్లు విశాలమయ్యాయి, తిండి మెరుగయ్యింది. అంటే ఇంటి స్థలం అడగడం కూడా గుండె కోసం అడగడమే. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ జబ్బును అరికట్టాలని తీర్మానించింది. తీర్మానం జెనీవాలో ఉంటే చాలదు, సూది మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలి.

అందుకే మేం అడిగేది ఇది. మీ వాడకు పోయినాక, కీళ్ల నొప్పులతో జ్వరమొచ్చిన పిల్లల పేర్లు రాయండి. డాక్టరుకు చూపించండి. సూది పడాల్సిన తేదీలు నోటుబుక్కులో పెట్టండి. సూది లేదంటే నలుగురూ కలిసి పోయి ఎందుకు లేదో అడగండి.