వార్డు నుండి తరగతి గదికి



ఈ శతవత్సర కూడికలలో వైద్య పరిచర్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు మమ్మును కోరినారు. వైద్యము మేమెరుగము. మేమెరిగిన ఒక సిస్టరమ్మ సంగతి చెప్పెదము.

15 సంవత్సరముల క్రిందట మా చిన్నవాడు ఎనిమిది నెలల బిడ్డ. దగ్గు, జ్వరముతో ఆసుపత్రికి తీసికొని వెళ్లినాము. ఆమె బిడ్డను వెంటనే ముట్టుకొనలేదు. తల్లి ఒడిలోనే ఉంచి, చొక్కా పైకెత్తి, గడియారము చూచుచు నిండు నిమిషము ఊపిరి లెక్కించినారు. ఆ వయస్సు బిడ్డకు నిమిషమునకు 50గాని, అంతకు మించిగాని ఉంటే న్యుమోనియా అని అనుమానించవలెనట. మావాడికి 64.

ప్రక్క మంచము మీద ఒక బిడ్డ గొంతు చించుకొని ఏడ్చుచుండగా, "ముందు ఆ బిడ్డను చూడండమ్మా" అన్నాము.

"ఏడ్చే బిడ్డకు ఇంకా బలముంది అయ్యగారూ. మీవాడు ఏడవటం లేదు. నా భయమంతా అదే" అన్నారు.

బిడ్డ బ్రతికినాడు.

పిల్లల వార్డులో 22 ఏండ్లు చేసిన పిమ్మట ఆమె పై చదువు చదివి, విశ్వవిద్యాలయములో శిశు నర్సింగు బోధించుటకు వెళ్లినారు. మొదటి సంవత్సరమే మా యింటికి వచ్చి కన్నీరు పెట్టుకొన్నారు. "అర నిమిషము లెక్కించి రెట్టింపు వ్రాస్తున్నారు. పరీక్షలో మార్కులూ వస్తున్నాయి. పసిబిడ్డల్ని వదిలి సుద్దముక్క పట్టుకొన్నానేమో అయ్యగారూ!"

మాకు జవాబు తోచలేదు. మా యింటివారు మాత్రము, "ఆ రోజు మీరు లెక్కించిన పద్ధతి మీకు నేర్పినదెవరమ్మా?" అని అడిగినారు. ఆమె చాలాసేపు మాటలాడలేదు.

ఇప్పుడామె విద్యార్థినులను నలుగురేసిగా వార్డుకు తీసికొని వెళ్లుదురు. మొదటి రోజు ఎవరును బిడ్డను ముట్టరాదు. తల్లి ప్రక్కన కూర్చుండి, అందరును లెక్కించి, ఒకరికొకరు చూపకుండ వ్రాయవలెను. అంకెలు కలియనియెడల మరల లెక్కించవలెను. మందు మోతాదు బిడ్డ బరువును బట్టి ఇద్దరు వేరువేరుగా కట్టవలెను. దశాంశపు చుక్క ఒక్క స్థానము జరిగితే మందు పదింతలగును.

తల్లిని వెలుపలికి పంపరాదనియు నేర్పుదురు. ఇంగ్లాండులో పిల్లల ఆసుపత్రులు తల్లిని బిడ్డ యొద్ద ఉండనియ్యవలెనని 1959లో ప్లాట్ కమిటీ నివేదిక వ్రాయవలసి వచ్చెను. మన తల్లులు ఏ నివేదిక లేకయే మంచము ప్రక్కన చాప పరచుకొన్నారు. వారిని అడ్డమని కసరక, తోడుగా ఎంచుట నేర్పవలసిన విద్యయే.

అట్టి సిస్టరు వెళ్లిపోతే వార్డుకు లోటే. ఆ లోటును మేము కాదనము. అయినను పెద్దలారా, మన ఆసుపత్రులలో చేతి అనుభవము గలవారిని ఎన్నుకొని బోధనకు పంపుడి. నూరేండ్లలో కట్టిన వార్డులను లెక్కించుచున్నాము. ఆ వార్డులలో రేపు ఊపిరి లెక్కించువారిని ఎవరు సిద్ధపరచెదరు?