అరువు కథలు – సొంత పలుకు



హాలీవుడ్‌లో చెప్పిన కథనే మరల మరల చెప్పుట పరిపాటి అయినది. 'ఎ స్టార్ ఈజ్ బార్న్' అను చిత్రము 1937లో వెలువడి, 1954, 1976, 2018 సంవత్సరములలో అదే పేరుతో మరల నిర్మింపబడినది. ఒకసారి ధనము తెచ్చిన కథ మరల తెచ్చునన్న నమ్మకమే ఇందులకు హేతువు. మన దేశమునకును ఈ అలవాటు క్రొత్త కాదు. తెలుగు 'పోకిరి' (2006) హిందీలో 'వాంటెడ్' (2009) అయినది. మరాఠీ 'సైరాట్' (2016) 'ధడక్' (2018) అయినది. చంద్రపూర్‌లోని మన పిల్లలు ఈ మూడు భాషలు ఎరిగినవారగుటచే ఒకే కథను రెండుమారులు చూచుచున్నారు.

అరువు తెచ్చుటయే దోషమని మేమనము. 1962 నాటి 'గుండమ్మ కథ' కన్నడ చిత్రమైన 'మనె తుంబిద హెణ్ణు' (1958) నుండి వచ్చినదే. కాని డి.వి. నరసరాజు గారి మాటలలో గుండమ్మ మన వీధిలోని మనిషే అయినది. ఆయనయే 'రాముడు-భీముడు' (1964) కథను వ్రాయగా, అది 1967లో హిందీలో 'రామ్ ఔర్ శ్యామ్'గా వెలసినది. తీసికొన్న చేతికి ఇచ్చు శక్తియు ఉండవలెను.

ఆ శక్తి మాతృభాషలో తమ మాట తాము చెప్పుకొనుట వలననే అబ్బును. చూచిన చిత్రమును పొల్లుపోక అప్పచెప్పు బాలుడు, బొగ్గుగని నుండి వచ్చిన తండ్రి శ్రమను గూర్చియో, తాడోబా అడవిని గూర్చియో నాలుగు వాక్యములు తెలుగున వ్రాయలేకున్న, మన బడి ఉండియు ఫలమేమి?

కావున తలిదండ్రులారా, రాత్రి భోజనానంతరము ఒక కథ మీరు చెప్పుడు. ఒకటి పిల్లలచే చెప్పించుకొనుడు. వానిలో ఒక్కటైనను రేపు ఇతర భాషలవారు అడిగి తీసికొందురు గాక!