అక్కరకు అందే సాయం
(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందికి పట్టా ఇచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. తొలినాళ్లలో జయపురం మహారాజా విక్రమదేవవర్మగారు ఏటా లక్ష రూపాయల విరాళమిచ్చి దానిని ఆదుకున్నారు. నేడు మహారాజులు లేరు. ఆ పట్టాలతో ఉద్యోగాలు చేసి, పెన్షను తీసుకుంటున్న మనం ఉన్నాం.

“ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటు ఇస్తోంది కదా, ఇక మనమెందుకు?” అని కొందరు మిత్రులు అంటున్నారు. మంజూరైన సొమ్ము బిల్లై, పాసై, చేతికి వచ్చేదెప్పుడో మనకు వేరే చెప్పాలా? పరీక్ష ఫీజు గడువు అంతవరకు ఆగదు. మెస్ బకాయి ఆగదు. కూలివారి బిడ్డ చదువు ఒక్కోసారి ఆగిపోయేది లక్షలు లేక కాదు, ఆ వారంలో రెండు మూడు వేలు అందక. పూర్వ విద్యార్థుల నిధి అవసరం అక్కడే.

చిన్న లెక్క చెబుతాను. 20 మంది తలా 5,000 వేస్తే లక్ష. 7 శాతం వడ్డీ వస్తే ఏటా 7,000. అసలు కదలదు. మన తరువాత కూడా ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లలు గట్టెక్కుతారు.

రెండే మనవులు. ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి. సాయం పొందిన బిడ్డ ఫొటో మాత్రం ఎక్కడా వేయవద్దు. వారిది బీదతనమే గాని, బిచ్చం కాదు.