వాలిన రెప్పకు శస్త్రచికిత్స

ఏలూరు జిల్లా చింతలపూడి, నూజివీడు ప్రాంతాల్లో మామిడి కోతల వేళ చూపంతా కొమ్మల మీదే. పైరెప్ప వాలిపోయిన పెద్దవారు మాత్రం కాయను చూడాలంటే గడ్డం పైకెత్తి, నుదురు ముడవాల్సి వస్తుంది.

రెప్పల శస్త్రచికిత్స రెండు రకాలు. చూపుకు అడ్డొచ్చే రెప్పను ఎత్తడం, లోపలికి తిరిగి నల్లగుడ్డును గీరే వెంట్రుకలను సరిచేయడం అవసరం కోసం చేసేవి. కళ్ల కింది ఉబ్బు, ముడతలు తగ్గించడం అందం కోసం.

అన్నిటికీ కత్తి అక్కర్లేదు. సాయంత్రానికి రెప్ప ఎక్కువగా వాలుతుంటే కారణం మయస్థీనియా అనే కండరాల బలహీనత జబ్బు కావచ్చు. దానికి ముందు మందులే. హఠాత్తుగా రెప్ప వాలి, తలనొప్పి వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పుట్టుకతో రెప్ప వాలిన పిల్లలకు ఆలస్యం చేస్తే ఆ కంటి చూపు శాశ్వతంగా మందగించవచ్చు.

పెద్దలకు శస్త్రచికిత్స చాలావరకు రెప్ప వరకే మత్తిచ్చి చేస్తారు, అదే రోజు ఇంటికి పంపుతారు. రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పాలి. కుట్లు దాదాపు వారానికి తీస్తారు. వాపు, కమిలిన మచ్చలు ఒకటి రెండు వారాలుంటాయి. చల్లని కాపడం, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవడం మేలు చేస్తాయి. కొందరికి కళ్లు పొడిబారతాయి, రెండు రెప్పలూ అచ్చంగా ఒకేలా రాకపోవచ్చు. నొప్పి పెరిగినా, చూపు తగ్గినా క్షణం ఆగకూడదు.

డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి విజయవాడ తాడిగడపలోనూ ప్రాంగణం ఉంది. రెప్పల నిపుణుణ్ని కలిసేటప్పుడు పాత ఫొటోలు, వాడే మందుల చీటీ వెంట తీసుకెళ్లండి.