కడపటి వంతు

క్రికెటు నెఱిగిన మనకు బేస్‌బాల్ బొత్తిగా వింత యాట కాదు. అందును బంతి విసరువా డొకడు, కొట్టువా డొకడు. విసరువానిని పిచ్చరందురు. ఆటకు తొమ్మిది ఇన్నింగ్సులు. మొదటి పిచ్చరు అలసినచో వాని స్థానమున మఱియొకడు వచ్చును. తప్పుకొన్నవా డా యాటలో మరల రాగూడదు. ఇట్లు వచ్చు సహాయకులలో కడపటివాని పని మిక్కిలి విషమము. తనవారు స్వల్పాధిక్యముతో నున్నప్పుడు వచ్చి, చివరి ముగ్గురిని ఔటుచేసి, గెలుపును నిలుపవలెను. నిలిపినచో వాని పేర ఒక 'సేవ్' జమకట్టుదురు. తప్పినచో తోటివారు ఎనిమిది ఇన్నింగ్సులు పడిన పాటెల్ల వ్యర్థమగును.

ఈ పనిలో మేటి మరియానో రివేరా. 1969లో పనామా దేశమున జన్మించి, ప్వేర్టో కైమీటో అను జాలరిపల్లెలో పెరిగెను. తండ్రి చేపల పడవ నడపువాడు. పాలడబ్బాల అట్టను చేతితొడుగుగా జేసికొని యాడిన ఈ బాలుని 1990లో న్యూయార్కు యాంకీస్ జట్టువారు కొద్దిపాటి సొమ్మిచ్చి చేర్చుకొనిరి. 1995లో మొదటి పిచ్చరుగా దింపిరి గాని యందు రాణింపలేదు. 1997 నుండి కడపటి వంతు అతనిదయ్యెను. అతని ముఖ్యాయుధము 'కట్టర్'. నేరుగా వచ్చునట్లే తోచి, తుది క్షణమున కొన్ని అంగుళములు ప్రక్కకు తొలగు వేగపు బంతి యది. ఏమి రానున్నదో యెఱిగియు కొట్టలేక ఎందఱో బ్యాట్లు విఱుగగొట్టుకొనిరి.

అట్టివానికిని ఒక రాత్రి తప్పెను. 2001 నవంబరు 4వ తేదీన, ఫీనిక్సు నగరమున, వరల్డ్ సిరీసు ఏడవ యాట. యాంకీసుకు 2–1 ఆధిక్యము. ఎనిమిదవ ఇన్నింగ్సున రివేరా వచ్చి ముగ్గురిని అవలీలగా ఔటుచేసెను. తొమ్మిదవదానిలో తాను బేసునకు విసరిన బంతియే గురి తప్పెను, ఆధిక్యము పోయెను. తుదకు లూయీ గొంజాలెజ్ కొట్టిన బలహీనమైన బంతి, దగ్గరగా నిలిచినవారి తలలమీదుగా బోయి నేలబడెను. యాంకీస్ 3–2తో ఓడిరి.

ఈ యోటమికి వెనుక కథ యొకటి కలదు. జట్టులోని ఎన్రీకే విల్సన్ విజయోత్సవము చూచుకొని, నవంబరు 12న విమానమున స్వదేశమగు డొమినికన్ రిపబ్లిక్కునకు పోవలసియుండెను. ఉత్సవము లేకపోవుటచే ముందుగనే వెడలెను. ఆ 12వ తేదీ విమానము న్యూయార్కులో కూలి అందలి 260 మందియు మృతిచెందిరి. ఓడిపోవుటయే మేలయ్యె ననియు, తనకు స్నేహితుడు దక్కె ననియు రివేరా పిమ్మట చెప్పెను.

అతడు మరల అదే స్థానమున నిలిచెను. 2009లో వరల్డ్ సిరీసు గెలిచిన యాటను ముగించినవాడతడే. 2012లో మోకాలు దెబ్బతినినను, మఱుసటి యేడు తిరిగివచ్చి యాడి, 2013లో సెలవు దీసికొనెను. సేవులు 652; కాపాడలేక పోయినవి 80. 2019లో ఓటువేసిన 425 మందియు అతనిని హాల్ ఆఫ్ ఫేమునకు ఎన్నుకొనిరి. అంతకుముందు ఏ యాటగానికిని అట్టి యేకగ్రీవము లభింపలేదు.

ఆ 652 ఘనమైనదే. కాని 80 సారులు వైఫల్య భారము మోసియు, పిలిచిన మఱునాడే చేయి వణకక బంతి నందుకొనుట అంతకంటె ఘనము.