న్యూహామ్ ఫలితాలు – వార్డు గీతలు



తూర్పు లండన్‌లోని న్యూహామ్ బరో ఎన్నికల ఫలితాలను న్యాయవాదిగా నేను శ్రద్ధగా పరిశీలించాను. 2011 జనగణన ప్రకారం అచ్చట ఏ జాతివర్గానికీ ఆధిక్యం లేదు. భారతీయ మూలాలవారు నూటికి దాదాపు 14 మంది. అయినప్పటికీ 2010, 2014, 2018లలో 60 స్థానాలకు 60 లేబర్ పక్షానికే దక్కాయి. 2014లో అదే రోజు జరిగిన మేయరు ఎన్నికలో ఆ పక్షపు రాబిన్ వేల్స్‌కు లభించినవి నూటికి సుమారు 61 ఓట్లే. తక్కిన వారి పక్షాన సభలో ఒక్క సభ్యుడూ లేడు!

అప్పుడు వార్డుకు ముగ్గురు సభ్యులు, ఓటరుకు మూడు ఓట్లు. వార్డులో పెద్ద పక్షమేదో దానికే మూడు స్థానాలూ దక్కేవి. లేబర్ సభ్యులలో ఆసియా మూలాలవారు పలువురున్నారు, నిజమే. అయితే వారు పార్టీ విప్‌కు లోబడినవారు.

2022 ఎన్నికలకు వార్డుల హద్దులు మార్చి, స్థానాలను 66 చేశారు. స్ట్రాట్‌ఫర్డ్ ఒలింపిక్ పార్క్ అనే కొత్త వార్డులోని రెండు స్థానాలను గ్రీన్ పక్షం గెలిచింది.

మన పట్టణాలలోనూ ఎక్కువ ఓట్లు వచ్చినవారిదే వార్డు. కనుక వార్డుల ముసాయిదా వెలువడిన నాడే తెలుగు వీధులను ఎన్ని ముక్కలు చేశారో చూడండి; అభ్యంతరాన్ని గడువులోగా లిఖితపూర్వకంగా ఇవ్వండి. గడువు దాటాక నా వద్దకు వచ్చేవారే ఎక్కువ.

మరొక మాట. లండన్‌లో చట్టబద్ధంగా నివసిస్తున్న మన పిల్లలు, కామన్‌వెల్త్ పౌరులుగా, భారత పౌరసత్వంతోనే ఈ స్థానిక ఎన్నికలలో ఓటు వేయవచ్చు. 2023 నుండి పోలింగు కేంద్రంలో గుర్తింపు పత్రం చూపాలి. భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. జాబితాలో పేరు మాత్రం ముందే చేర్పించుకోవాలి.